చిగుళ్ళు – షుగరు – ఈ.ఎస్.ఐ. కార్డు

పళ్ళు తోముకుంటే రక్తం వస్తోందా? "వయసు మీద పడింది, అంతేలే" అనుకోకండి. అది చిగుళ్ళ జబ్బుకు గుర్తు.

పంటికీ చిగురుకీ మధ్య పాచి చేరుతుంది. పాచి గట్టిపడి గార కడుతుంది. చిగురు వాస్తుంది. చీము పడుతుంది. చివరకు పన్ను కదులుతుంది.

ఈ జబ్బు నోటితో ఆగదు. షుగరు ఉన్నవాళ్ళకు చిగుళ్ళ జబ్బు తొందరగా వస్తుంది. చిగుళ్ళు పాడైతే షుగరు అదుపులోకి రాదు. ఒకదాన్ని ఒకటి ఎగదోస్తాయి.

నొప్పి వస్తే లవంగం పెడతాం. నొప్పి కాస్త తగ్గుతుంది. కానీ జబ్బు లోపల ముదురుతూనే ఉంటుంది.

"పంటికోసం అంత డబ్బు ఎక్కడ తేవాలి?" అంటారు. నిజమే. అందుకే మిల్లులో, ఫ్యాక్టరీలో పనిచేసే అక్కలు జీతం చీటీ ఒకసారి చదవండి. ఈ.ఎస్.ఐ. అని కోత ఉందా? 2019 జూలైలో ఆ కోతను వంద రూపాయలకు 75 పైసలు చేశారు. అంటే 10,000 జీతానికి 75 రూపాయలు. యజమాని 325 రూపాయలు కట్టాలి. ఇది బీమా. ఇందులో పంటి వైద్యం కూడా ఉంది. మీకే కాదు, మీ భర్తకు, పిల్లలకు, మీ సంపాదన మీద బతికే అమ్మానాన్నలకు కూడా.

కార్డు పట్టుకుని ముందు ఈ.ఎస్.ఐ. డిస్పెన్సరీకి వెళ్ళండి. అక్కడ పంటి డాక్టరు లేకపోతే పెద్దాసుపత్రికి చీటీ రాయించుకోండి.

కార్డు లేనివాళ్ళకు హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో ప్రభుత్వ దంత ఆసుపత్రులున్నాయి.

షుగరు ఉంటే ఆ మాట పంటి డాక్టరుకు ముందే చెప్పాలి.