తుఫాను నెలలకు ముందే కొట్టం మరమ్మతు: కలప ఎంపిక, పనిముట్లు, జాగ్రత్తలు



పశువుకు మేత, నీరు, వైద్యం ఎంత ముఖ్యమో దాని తలపై కప్పు కూడా అంతే ముఖ్యం. స్వర్ణముఖి ఒడ్డున, సముద్రానికి దగ్గరగా ఉన్న వాకాడు ప్రాంతంలో వానలు ఎక్కువగా అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురుస్తాయి. తుఫానుల భయం కూడా ఆ నెలలలోనే ఎక్కువ. 1984 నవంబరులో శ్రీహరికోట సమీపంలో తీరం దాటిన తుఫానును పెద్దలు ఇంకా మరువలేదు. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినా, దారి పొడవునా నెల్లూరు తీరాన్ని తడిపి ముద్ద చేసింది. కనుక కొట్టం మరమ్మతు వినాయక చవితి నాటికి మొదలుపెట్టి, దసరాలోగా ముగించుకోవడం మంచిది. ఆ పని ఎలా చేయాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

1. ముందు పరీక్ష

ఒక ఉలి, ఒక సుత్తి తీసుకొని ప్రతి స్తంభం దగ్గరకు వెళ్ళండి. నేల మట్టానికి జానెడు పైన, జానెడు కింద ఉలి మొనతో గట్టిగా పొడవండి. స్తంభాలు ముందుగా పాడయ్యేది ఇక్కడే. పేడ, మూత్రం, వాన తడి కలిసి కర్రను కుళ్ళబెడతాయి, చెదలు కూడా ఇక్కడి నుండే ఎక్కుతాయి. ఉలి సులభంగా దిగితే ఆ స్తంభం పని అయిపోయినట్లే. పైన దూలాలను సుత్తితో తట్టండి. గట్టి కర్ర ఖంగుమంటుంది. గుల్లబారిన కర్ర బొదబొదమంటుంది.

2. ఏ పనికి ఏ కలప?

కలప కొనేటప్పుడు చూడవలసింది చేవ. కోసిన కొనను చూస్తే నడుమ ముదురు రంగులో కనిపించేది చేవ, చుట్టూ పాలిపోయి ఉండేది తెల్ల చెక్క. పురుగు, చెద ముందుగా పట్టేది తెల్ల చెక్కనే.

సరుగుడు: మన ఇసుక నేలల్లో విరివిగా దొరుకుతుంది, నిటారుగా ఉంటుంది, బలమైనదే. అయితే నాలుగైదేళ్ళకే నరికిన కర్రలో చేవ తక్కువ. కప్పు వాసాలకు వాడుకోవచ్చు గాని నేలలో పాతితే త్వరగా కుళ్ళుతుంది. ఇది మేకు కొడితే చీలే కర్ర. కనుక ముందు బర్మాతో బెజ్జం వేసి, ఆ తరువాతే మేకు దించాలి.

తాడి: ఇక్కడ లెక్క తిరగబడుతుంది. మిగిలిన చెట్లకు చేవ నడుమ ఉంటే తాడికి అంచున ఉంటుంది, లోపలిది మెత్తని బెండు. ముదురు చెట్టును నిలువుగా చీల్చి, లోపలి బెండును బాడిశతో పూర్తిగా చెక్కివేస్తే దూలాలకు, వాసాలకు చాలా బాగుంటుంది. బెండు మిగిల్చితే అక్కడి నుండే పాడవుతుంది.

వేప, నల్లతుమ్మ: ముదురు మానుల చేవ స్తంభాలకు, గాటి పలకలకు, కట్టుగొయ్యలకు పనికివస్తుంది. మామిడి చవకగా దొరికినా పురుగు పట్టే కర్ర, తడి తగిలే చోట వాడవద్దు.

పచ్చి కర్రతో ఆ రోజే పని మొదలుపెట్టవద్దు. ఆరేటప్పుడు అది వంగుతుంది, బిగింపులు వదులవుతాయి. వరుసల మధ్య సన్నని కర్రముక్కలు పెట్టి, నేలకు ఎత్తుగా, నీడలో గాలి ఆడేటట్లు పేర్చి ఆరబెట్టాలి. అందుకే కలప వేసవిలోనే తెచ్చుకోవాలని మా సలహా.

3. కర్రకు, మట్టికి పొత్తు వద్దు

కొత్త స్తంభాన్ని నేరుగా నేలలో పాతకుండా, రాతి కూచాన్ని గాని సిమెంటు దిమ్మెను గాని రెండున్నర మూడడుగుల లోతున పాతి, అడుగు ఎత్తు పైకి ఉంచండి. దానికి రెండు ఇనుప పట్టీలతో, బోల్టులతో కర్రను బిగించండి. ఇలా అతికిన స్తంభం పక్క గాలికి ఊగే అవకాశం ఉంది కనుక మూలలలో ఐమూలగా ఊతకర్రలు తప్పనిసరిగా వేయాలి. గాలి కప్పును పైకి లేపుతుంది. అందువలన వాసం దూలానికి, దూలం స్తంభానికి, స్తంభం నేలకు గట్టిగా అంటి ఉండాలి. ఈ గొలుసులో ఒక్కచోట వదులైనా కప్పు లేచిపోతుంది. రెండు వాలుల కప్పుకంటె నాలుగు వాలుల కప్పు గాలిని బాగా తట్టుకుంటుంది. చూరు అడుగున్నరకు మించి బయటకు రానీయవద్దు.

రేకుల కప్పయితే బోల్టు రేకు గట్టు మీద పడాలి, పల్లంలో వేస్తే నీరు కారుతుంది. ఉప్పు గాలికి మామూలు మేకులు త్వరగా తుప్పు పడతాయి, జింకు పూత ఉన్నవే కొనండి. పాత ఆస్‌బెస్టాస్ రేకులను కోయడం, పగలగొట్టడం చేయవద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు హాని చేస్తుంది.

కొట్టాన్ని విస్తరించేటట్లయితే కప్పు కింద ఆవుకు 3.5, గేదెకు 4 చదరపు మీటర్ల చొప్పున స్థలం ఉంచండి.

4. పనిముట్లు

రంపం, బాడిశ, ఉలి, బర్మా, సుత్తి, పటకారు, మూలమట్టం, తూకపు గుండు, గునపం ఉంటే సాధారణ మరమ్మతులన్నీ ఇంట్లో చేసుకోవచ్చు. ఒక్కొక్కరు అన్నీ కొననక్కరలేదు. సంఘం తరఫున ఒక జత ఉంచి, పుస్తకంలో వ్రాసి వంతులవారీగా ఇచ్చుకుంటే అందరికీ ఆదా.

5. అన్నిటికంటె ముఖ్యమైన జాగ్రత్త

మరమ్మతు ముగిసిన తరువాత నేలపై మిగిలే మేకు, తీగముక్క పశువుకు యమపాశం. పశువు మేతను ఏరుకొని తినదు, మేతతో పాటు మేకునూ మింగుతుంది. అది రెండవ పొట్టలో నిలిచి, గోడను గుచ్చుకొని, గుండె సంచి వరకు పోగలదు. చూలు నిండిన గేదెకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. పాలు ఉన్నట్టుండి తగ్గడం, వీపు గూనిగా పెట్టడం, మోచేతులు ఎడంగా ఉంచడం, మూలగడం, పల్లానికి దిగడానికి జంకడం దీని గుర్తులు. తరువాత గంగడోలు వాస్తుంది. మొదటి గుర్తు కనబడగానే పశువైద్యునికి చూపండి.

పని చేసేచోట పశువులను కట్టవద్దు. మేకులు లెక్కపెట్టి తీసుకోండి, మిగిలినవి లెక్కపెట్టి లోపల పెట్టండి. సాయంత్రం తాడుకు కట్టిన అయస్కాంతాన్ని నేలంతా, గాటి అంతా ఈడ్చండి. సీసం కలిసిన పాత రంగులు, కాలిన ఇంజను నూనె, చెదల మందులు పశువు నాలుకకు అందేచోట పూయవద్దు. దూడలు ప్రతిదీ నాకుతాయి.

సంఘ సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. తాడి చేవకు, వేప చేవకు తేడా ఏమిటి?
2. మన సంఘ సభ్యుల కొట్టాలలో ఉలి పరీక్షకు నిలిచే స్తంభాలు ఎన్ని?
3. సంఘానికి పనిముట్ల జత, అయస్కాంతం కొనడానికి ఎంత అవుతుంది?

రెండవ ప్రశ్నకు జవాబు కూర్చున్నచోట దొరకదు. రేపు ఉదయం పాలు పోసి ఇంటికి వెళ్ళగానే ఉలి చేతబట్టి చూడవలసిందిగా సభ్యులందరినీ కోరుతున్నాము.