తిరిగే ఎల్ఈడీ గడియారం: చేయవలసినవి, చేయకూడనివి

నిమిషానికి 1,800 చుట్లంటే సెకనుకు 30. ఆ వేగంలో ఎల్ఈడీలు బిగించిన పట్టీ కంటికి ఆనదు, గాలిలో 10:42 అన్న అంకెలే నిలబడి కనిపిస్తాయి. ప్రాజెక్టు అందమూ అదే, ప్రమాదమూ అదే. తిరిగే ఫ్యాన్‌లో ఎవరూ వేలు పెట్టరు గానీ, కదలకుండా వెలుగుతున్న అంకెను సైన్స్ ఎగ్జిబిషన్‌కు వచ్చిన పిల్లలు ముట్టుకోబోతారు.

చేయవలసినవి

అందుకే ముందు తొడుగు, తర్వాతే గడియారం. పట్టీ చుట్టూ, ఎదురుగా కూడా వేలు దూరనంత దగ్గరగా పాలీకార్బొనేట్ షీటు బిగించండి. అక్రిలిక్ దెబ్బకు పెంకులుగా పగులుతుంది. వీడియోల్లో చాలామంది ఈ తొడుగు పెట్టరు, మెరుపు తగ్గుతుందనేమో!

ఇరుసుకు 10 సెంటీమీటర్ల దూరంలో ఉన్న వస్తువు ఈ వేగంలో గంటకు దాదాపు 68 కిలోమీటర్ల చొప్పున పరుగెడుతుంది. దాన్ని బయటికి లాగే బలం దాని బరువుకు సుమారు 360 రెట్లు. మూడు గ్రాముల బటన్ సెల్ కిలోకు పైబడ్డ బరువై లాగుతుందన్నమాట. గ్లూ గన్ జిగురునూ డబుల్ సైడ్ టేపునూ నమ్మకండి. నట్టు, బోల్టు, నైలాన్ లాక్‌నట్టు వాడండి. ఎల్ఈడీలను నడిపే మైక్రోకంట్రోలర్ బోర్డు, బ్యాటరీ ఇరుసుకు వీలైనంత దగ్గరగా ఉండాలి. పొడుగు సెల్ అయితే హోల్డర్ స్ప్రింగు ఇరుసు వైపు పెట్టండి. బయటి వైపు ఉంటే సెల్ దాన్ని నొక్కేసి లోపలి కాంటాక్టు వదిలేస్తుంది, గడియారం మాటిమాటికీ రీసెట్ అవుతుంది. పైన జిప్ టై వేయండి. జంపర్ వైర్లు ఊడిపోతాయి కాబట్టి సోల్డర్ చేయండి.

మోటారుకు తగిలించకముందే తూకం చూడండి. ఇరుసు రంధ్రంలో బిగువుగా సన్నటి ఊచ దూర్చి, రెండు కొసలూ రెండు గ్లాసుల అంచుల మీద ఆనించండి. బరువైన కొస కిందికి వాలుతుంది. రెండో కొసకు ఒక్కొక్క వాషరే చేరుస్తూ వాలడం ఆగేదాకా చూడండి.

మొదటిసారి తక్కువ వోల్టేజీతో, రక్షణ కళ్లద్దాలు పెట్టుకుని, వెనక నిలబడి నడపండి. ఊడిన ముక్క అంచు వైపే దూసుకొస్తుంది, కాబట్టి పక్కన ఎవరూ ఉండకూడదు. మోటారుకు వేరే స్విచ్ పెట్టండి, పట్టీ మీదుగా చేయి చాపకుండానే అందాలి.

చేయకూడనివి

టేబుల్ ఫ్యాన్ మోటారు విప్పి 230 వోల్టులతో ఆడకండి. అడాప్టర్‌తో నడిచే 12 వోల్టుల డీసీ మోటారు చాలు.

అంకెలు మినుకుమంటున్నాయని వేగం పెంచకండి. వేగం రెట్టింపైతే లాగే బలం నాలుగు రెట్లవుతుంది. దానికి బదులు ఎదురు కొసన ఇంకో వరస ఎల్ఈడీలు పెడితే సగం వేగానికే అంకెలు అంతే నిలకడగా ఉంటాయి, తూకమూ తేలిగ్గా కుదురుతుంది.

వేగం అందుకునేలోపు ఎల్ఈడీలు వెలిగించకండి. అప్పటి మిణుకులు మూర్ఛ ఉన్న కొందరికి ఫిట్స్ తెప్పించగలవు. చుట్టుకు పట్టే సమయాన్ని, అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సర్ చెబుతుంది కాబట్టి ప్రోగ్రాములో ఆ షరతు రెండు లైన్ల పని.

ఉబ్బిన లిథియం బ్యాటరీ వాడొద్దు. మోటారు ప్లగ్ తీయకుండా, ప్రోగ్రాము ఎక్కించడానికి బోర్డుకు యూఎస్‌బీ కేబుల్ గుచ్చొద్దు. స్విచ్ ఆపాక కూడా పట్టీ కాసేపు తిరుగుతుంది, చేత్తో ఆపొద్దు. చున్నీ, విప్పిన జుట్టు, మెడలో వేలాడే ఐడీ కార్డు దగ్గరికి రానీయొద్దు. స్టాల్ వదిలి టీకి వెళ్లేటప్పుడు స్విచ్ ఆపితే సరిపోదు, అడాప్టర్ పీకి జేబులో వేసుకుని వెళ్లండి.