తోటరైలు వంతెన

రైళ్ల నమూనాలను చేసి నడపుట యనెడి వేడుక పాశ్చాత్య దేశములలో చిరకాలముగా నున్నది. ఇంటిలో బల్లపై నడచు బొమ్మరైలును ఆరుబయటికి దెచ్చి, పూలమళ్ల నడుమ, చెట్ల నీడలలో నడపినచో దానిని తోటరైలు అందురు. ఇంగ్లండు, జర్మనీ, అమెరికా దేశములలో ఈ వినోదమునకు ఆదరణ మెండు. 1968వ సంవత్సరమున జర్మనీలోని న్యూరెంబర్గు నగరమునందలి లేమన్ అను బొమ్మల సంస్థ ఎండవానల కోర్చు తోటరైళ్లను అమ్మకమునకు దెచ్చినది. వాని పట్టాల నడిమి వెడల్పు 45 మిల్లీమీటర్లు. అసలు బండిలో 22.5 మీటర్ల పొడవు ఈ నమూనాలో ఒక మీటరగును.

తోటలోని నేల ఎల్లెడల సమముగా నుండదు. ఒకచోట కాలువ, ఒకచోట పల్లము, ఇంకొకచోట చిన్న కొలను అడ్డు వచ్చును. నున్నని చక్రము నున్నని పట్టాపై జారును గనుక రైలు నిట్టనిలువు మిట్టల నెక్కజాలదు. 100 సెంటీమీటర్ల దూరము పోవునప్పటికి రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తు లేచుటయే దానికి చాలును. కావున పల్లములోనికి దిగి మరల ఎక్కుటకంటె దానిపై వంతెన కట్టుటయే మేలు.

ఆ వంతెన మిక్కిలి చిన్నదని తలపరాదు. రాజమహేంద్రవరమున గోదావరిపై 1900 మొదలు 1997 వరకు రైళ్లను మోసిన హేవలాక్ వంతెనకు 56 అంకణములు గలవు. స్తంభమునకును స్తంభమునకును నడిమి దూరము ఇంచుమించు 45 మీటర్లు. ఆ దూరమును తోటరైలు కొలతకు కుదించినను 2 మీటర్లుండును. అంతటి వంతెనను ఇత్తడితోనో ఉక్కుతోనో చేయించుట సామాన్యులకు భారము. కొయ్యతో చేసినచో వానకు నాని చివుకును. అందుచేత పలువురు నమూనాకారులు చవుకగా దొరకు ప్లాస్టిక్కును ఎన్నుకొందురు. పేరుపలకలు చేయు దుకాణములలో మిగిలిన పి.వి.సి. రేకు ముక్కలు, వాననీటి గొట్టముల తుండ్లు, విద్యుత్తు తీగలను దూర్చు సన్నని గొట్టములు ఇందుకు పనికివచ్చును. ఇవి తుప్పు పట్టవు, చెదలు తినవు, చిన్న రంపముతో తెగును. గొట్టముల కతుకు జిగురు పి.వి.సి. పైపొరను కరిగించి రెండు ముక్కలను ఒక్కటిగా చేయును. దాని ఆవిరి హానికరము గనుక ఆ పనిని గాలి యాడుచోట, పెద్దల యెదుట చేయవలెను. అయితే ప్లాస్టిక్కులన్నియు ఒక్కటి గావు. బకెట్లు చేయు ప్లాస్టిక్కునకు ఈ జిగురు అంటదు.

చవుక వస్తువునకు ఒక లోపము గలదు. ఉక్కుతో పోల్చినచో పి.వి.సి. అరువది రెట్లకు పైగా సులభముగా వంగును. అట్టి మెత్తని వస్తువు బరువైన ఇంజను నెట్లు మోయును? ఈ ప్రశ్నకు సమాధానము విద్యార్థి చేతిలోని కొలబద్దయే చెప్పగలదు. 30 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందము గల ప్లాస్టిక్కు బద్దను రెండు పుస్తకములపై పరుండబెట్టి నడుమ వ్రేలితో నొక్కినచో అది వెంటనే వంగును. అదే బద్దను అంచుపై నిలువబెట్టి నొక్కినచో వంగదు. లెక్క ప్రకారము రెండవ తీరున అది నూరు రెట్లు బిగువుగా నుండును. వస్తువు మారలేదు, తూకము మారలేదు. నిలుచు తీరు మాత్రమే మారినది. వంతెన నిర్మాణమునందలి రహస్యమంతయు ఇందే యిమిడియున్నది.

కావున నమూనాకారుడు రేకును పలకగా పరవడు. దానిని పట్టీలుగా కోయును. వంతెన పటమును నిజమైన కొలతతో కాగితముపై గీసి, పట్టీలను ఆ గీతలపై పేర్చి అతుకును. పైన నొక పట్టీ, క్రింద నొక పట్టీ, నడుమ ఏటవాలు పట్టీలు వరుసగా త్రిభుజములై నిలుచును. నాలుగు పుల్లల చతురస్రమును ప్రక్కకు నెట్టినచో అది ఒరగును. మూడు పుల్లల త్రిభుజము మాత్రము పుల్ల విరిగిననే గాని రూపు మారదు. ఇట్టి రెండు చట్రములను ఎదురెదురుగా నిలిపి అడ్డుపట్టీలతో కలిపినచో వంతెన సిద్ధమగును.

బండి వంతెన నడుమకు వచ్చినప్పుడు క్రింది పట్టీ లాగబడును, పై పట్టీ నొక్కబడును. లాగుటకు పలుచని పట్టీయు ఓర్చును. నొక్కినప్పుడు మాత్రము అది ప్రక్కకు ముడుచుకొనును. కావున పై పట్టీని పెట్టెవలె బోలుగా, నాలుగు ప్రక్కలతో చేయవలెను. ఈ సత్యమును పెద్ద ఇంజనీర్లును నమూనాల వలననే గ్రహించిరి. వేల్సు దేశమునందలి మెనాయ్ జలసంధిపై రాబర్ట్ స్టీఫెన్‌సన్ ఇనుపరేకుల గొట్టముగా వంతెన కట్ట దలచినప్పుడు, విలియం ఫెయిర్‌బెయిర్న్ దానిలో ఆరవ వంతు నమూనాను చేసి, విరుగువరకు బరువులు వేసి, బలహీనమైన చోటును బాగుచేసి మరల పరీక్షించెను. తొలి పరీక్షలలో పై రేకులే ముడుచుకొనెను. అందుచేత పై భాగమును గదులు గదులుగా నిర్మించిరి. 1850లో ప్రారంభమైన ఆ బ్రిటానియా వంతెన 1970లో అగ్నిప్రమాదమున చెడువరకు రైళ్లను మోసినది.

తోటలోని వంతెనకు బండి బరువొక్కటియే శత్రువు గాదు. ఎండ రెండవది. వేడిమి 30 డిగ్రీలు హెచ్చినచో మీటరు పి.వి.సి. సుమారు 2 మిల్లీమీటర్లు సాగును. అంతటి ఉక్కు అర మిల్లీమీటరైనను సాగదు. రెండు కొనలను బిగించినచో వంతెన వంకరపోవును. కావున ఒక కొనను బిగించి, రెండవ కొనను జరుగుటకు వీలుగా విడువవలెను. పెద్ద ఉక్కు వంతెనలకును ఇట్టి యేర్పాటే యుండును. నల్లని రంగు ఎండను పీల్చుకొని ప్లాస్టిక్కును మెత్తబరచును గనుక లేత రంగు వేయుట మంచిది.

మూడవ శత్రువు గాలి. ప్లాస్టిక్కు తేలిక గనుక వంతెనను స్తంభములకు గట్టిగా పట్టియుంచనిచో పెనుగాలికి పడిపోవును. తోటలో పడినచో ఒక బొమ్మ చెడును. స్కాట్లండులో టే నదీముఖముపై థామస్ బౌచ్ రూపొందించిన వంతెన 1878లో ప్రారంభమైనది. 1879 డిసెంబరు 28వ తేదీ రాత్రి తుపానులో, రైలు దాటుచుండగా దాని నడిమి భాగము కూలెను. బండిలోని వారిలో ఒక్కరును బ్రతుకలేదు. మృతులు సుమారు 75 మంది యని అంచనా. గాలి తాకిడిని తగినంతగా లెక్కింపకపోవుటయు, పోతపనిలోని లోపములును, సంరక్షణలోని అశ్రద్ధయు విచారణలో బయల్పడెను.

అందుచేత మంచి నమూనాకారుడు తన వంతెనపై ఇంజనును వెంటనే నడపడు. ఇంజను తూకమునకు రెండింతల ఇసుక సంచులను దానిపై నుంచి రాత్రియంతయు విడుచును. ప్లాస్టిక్కు తొలిక్షణమున నిలిచినను, ఎడతెగని బరువున మెల్లమెల్లగా వంగు స్వభావము గలది. తెల్లవారి నడుమ ఎంత దిగినదో కొలిచి, అవసరమైనచోట మరియొక పట్టీ చేర్చును.

అయినను నమూనా నిలిచినంతమాత్రమున పెద్ద వంతెన నిలుచునని తలపరాదు. ఈ విషయమును గెలీలియో 1638లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. ఒక కట్టడమును అన్ని దిక్కుల పది రెట్లు పెంచినచో బలము నూరు రెట్లు, బరువు వేయి రెట్లు పెరుగును. కావున పెద్ద వంతెనకు లెక్క వేరుగా వేయవలెను. కాని పరీక్షింపనిదే నమ్మరాదను నియమము మాత్రము రెంటికిని ఒక్కటే. బొమ్మరైలునకు వంతెన కట్టునప్పుడు ఆ నియమమును పాటించిన బాలుడు, రేపు మనుష్యులు దాటు వంతెనను కట్టునప్పుడు దానిని మరువడు.

ప్రశ్నలు

1. ఒకే కొలబద్ద పరుండబెట్టినప్పుడు వంగి, నిలువబెట్టినప్పుడు వంగకుండుటకు కారణమేమి?
2. వంతెన పై పట్టీని బోలుగా చేయుట యెందులకు?
3. వంతెన యొక్క ఒక కొనను బిగింపక విడుచుట వలన లాభమేమి?
4. నమూనా నిలిచినను పెద్ద వంతెన నిలుచునని చెప్పజాలమేల?