సిఫారసు జాబు వ్రాయు విధము

కుటుంబ స్నేహితుల బిడ్డ యుద్యోగమునకో పై చదువునకో పోవునపుడు, ఒక జాబు వ్రాసి యిమ్మని వారు మనల నడుగుదురు. ప్రేమచేత లేని గుణములను జేర్చి వ్రాసితిమేని, చదువువారిని మోసగించుటయే గాక, మోయలేని బరువును ఆ బిడ్డ తలపై బెట్టినవార మగుదుము.

ఇందుకు ఫిలేమోనునకు పౌలు వ్రాసిన పత్రిక మంచి మాదిరి. అందున్నవి 25 వచనములే. దాసుడైన ఒనేసిము మునుపు పనికిమాలినవాడై యుండెనని పౌలు దాచలేదు. ఇప్పుడు పనికివచ్చువాడయ్యెనని చెప్పెను. వాని బాకీ యేమైన నున్నయెడల, తన చేతివ్రాతతోనే దానికి పూచీపడెను.

కావున మన జాబులో మూడు సంగతు లుండవలెను: ఆ బిడ్డను మన మెంతకాలముగా నెరుగుదుము, కన్నులార జూచిన పని యేది, ఎంతవరకు పూచీపడగలము. "మంచివాడు" అని యూరకుండుటకంటె, "రెండేండ్లు ఆదివారపు బడి చందా లెక్కలు వ్రాసెను, పైసయైన తేడా రాలేదు" అనుట మేలు. ఎరుగనిదానిని విడిచిపెట్టవలెను. మన స్నేహమును మొదటనే తెలుపవలెను.

విద్యార్థులారా, రేపు మీకొరకు వ్రాయబడు జాబునకు మాటలను నేటి మీ నడతయే సమకూర్చుచున్నదని మేము మనవి చేయుచున్నాము.