విదేశీ విమాన మరమ్మతు సంస్థలకు అనుమతి ఎలా?

విమానం ఏ దేశంలో రిజిస్టరైతే దాని నిర్వహణకు ఆ దేశ నియమాలే వర్తిస్తాయి. 1944 నాటి షికాగో ఒప్పందం మీద నిలిచిన పద్ధతి ఇది. అందుకే సింగపూర్‌లోని మరమ్మతు కేంద్రం అమెరికా విమానంపై పని చేయాలంటే ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ (ఎఫ్‌ఏఏ) ధ్రువపత్రం పొందాలి. దీనికి ఆధారం ఎఫ్‌ఏఏ నిబంధనల్లోని పార్ట్ 145.

పరీక్షల అభ్యర్థులు జాగ్రత్తగా చదవాల్సింది ధ్రువపత్రం గడువు. అమెరికాలోని కేంద్రానికిచ్చిన ధ్రువపత్రానికి కాలపరిమితి లేదు. తిరిగి అప్పగించేదాకా, సస్పెండ్ లేదా రద్దయ్యేదాకా చెల్లుతుంది. విదేశీ కేంద్రానికి మొదట 12 నెలలే. నిబంధనలు పాటిస్తే 24 నెలలకు పునరుద్ధరిస్తారు. గడువుకు కనీసం 30 రోజుల ముందే దరఖాస్తు చేయాలి. పైగా, ఆ ధ్రువపత్రం అవసరమేమిటో కూడా విదేశీ సంస్థే చూపాలి. ఈ కట్టుదిట్టం సమంజసమే. పరాయి గడ్డపై రోజువారీ తనిఖీ సులభం కాదు.

ఇలా అనుమతి పొందిన కేంద్రంలో బాగుచేసిన బ్రేకైనా, ఇంధన పంపైనా ఒక పత్రంతోనే బయటికి వెళ్తుంది. పార్ట్ నంబరు, సీరియల్ నంబరు, చేసిన పని, అధీకృత సంతకం అందులో ఉంటాయి. అమెరికాలో ఇది ఫారం 8130-3, ఐరోపాలో ఐరోపా సమాఖ్య విమానయాన భద్రతా సంస్థ (ఈఏఎస్‌ఏ) ఫారం 1, భారత్‌లో సీఏ ఫారం 1.

అమెరికా, ఐరోపా సమాఖ్యల మధ్య ఇలాంటి ధ్రువీకరణల విషయంలో 2011 మే 1 నుంచి పరస్పర గుర్తింపు ఒప్పందం అమల్లో ఉంది.

భారత్‌లో రిజిస్టరైన విమానాలపై పనిచేసే విదేశీ సంస్థలకు పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) ఆమోదం కావాలి. ఆ నిబంధన పేరు సీఏఆర్-145. అమెరికా పార్ట్ 145తో కలిపి గుర్తుపెట్టుకోండి.