అర్థమా, అర్ధమా? తెర మీద తెలుగు ఫాంటు సంగతి

మాది మెదక్ జిల్లా చేగుంట. హైదరాబాదు నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద పోతుంటే తూప్రాన్ దాటాక వస్తుంది. మొన్న సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు మన క్లబ్ పత్రిక పోయిన సంచికను పీడీఎఫ్‌గా ఈ-రీడర్‌లో వేసి తాత చేతిలో పెట్టాను. అందులో నా మొదటి కథ ఉంది. తాత రిటైరైన తెలుగు పండిట్. నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే.

కళ్లద్దాలు సర్దుకున్నాడు. రీడర్‌ను కాసేపు దగ్గర పెట్టుకున్నాడు, కాసేపు దూరం పెట్టుకున్నాడు. రెండో పేజీలో ఆగిపోయాడు.

"ఇక్కడ అర్థం అని రాసినవా, అర్ధం అని రాసినవారా? లోపల సుక్క కనవడ్తలేదు."

"అర్థమే తాతా."

"నువ్వు చెప్తే తెలిసింది. సూస్తే తెలుస్తలేదు" అని రీడర్ పక్కన పెట్టేశాడు. కథ అక్కడే ఆగింది.

తప్పు తాత కళ్లదా, తెరదా, మాదా? కాలేజీకి తిరిగొచ్చాక ఇదే పట్టుకుని కూర్చున్నాను. నాకు తేలింది మీకూ చెప్తాను.

తెలుగు అక్షరానికి చోటు ఎక్కువ కావాలి

ఇంగ్లిషు అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి నడిచిపోతాయి. మనవి పక్కకే కాదు, పైకీ కిందికీ పెరుగుతాయి. 'స్త్రీ' చూడండి. నడుమ స, పైన గుడిదీర్ఘం, కింద తావత్తు, దాంతోపాటు రావత్తు. యూనికోడ్ లెక్కన ఇందులో ఆరు సంకేతాలున్నాయి: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఆరింటినీ ఒక్క అక్షరంగా ఎలా పేర్చాలో చెప్పేది ఫాంటే.

పైగా తేడాలు చాలా చిన్నవి. ద-ధ, డ-ఢ, ప-ఫ, చ-ఛ జంటల్లో తేడా అడుగున ఉన్న ఒక్క గీత. ధ-థ, ర-ఠ జంటల్లో తేడా కడుపులో చుక్క. 'అర్థం', 'అర్ధం' అన్న మాటల్లోనైతే ఆ చుక్క ఒత్తులో ఉంటుంది. ఒత్తు అసలు అక్షరం కంటే చిన్నది, అందులో చుక్క ఇంకా చిన్నది. భావాన్నీ సగాన్నీ విడదీసేది అదొక్కటే.

లెక్క చేసి చూద్దాం

12 పాయింట్లంటే అంగుళంలో ఆరో వంతు. ఏ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు. ఆరంగుళాల ఈ-రీడర్ తెర వెడల్పు సుమారు 90 మిల్లీమీటర్లు. మన పీడీఎఫ్ పేజీ మొత్తం అందులో ఇరికితే 12 పాయింట్ల అక్షరం కాస్తా 5 పాయింట్లకు తగ్గిపోతుంది.

తెర మీద అంగుళానికి 167 పిక్సెళ్లుంటే ఆ అక్షరానికి నిలువునా దక్కేవి సుమారు 12. గుడి, తలకట్టు, అక్షరం, ఒత్తు అన్నీ అందులోనే సర్దుకోవాలి. ఒత్తుకు మూడో నాలుగో మిగిలితే చుక్కకూ దాని చుట్టూ ఖాళీకీ చోటెక్కడిది? అంగుళానికి 300 పిక్సెళ్ల తెరైతే సుమారు 21 వస్తాయి. అప్పుడు చుక్క తెర మీద ఉంటుంది, కానీ అంత చిన్న అక్షరంలో తాత కంటికి ఆనదు.

కాబట్టి పిక్సెళ్ల సమస్య వేరు, కంటి సమస్య వేరు. మంచి తెర కొంటే మొదటిది తీరుతుంది. రెండోదానికి అక్షరం పెద్దది చేయడమే మందు.

కంప్యూటర్ అయితే బాగుంటుందా అంటే అదీ అంతంతే. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో అంగుళానికి సుమారు 92 పిక్సెళ్లే. 12 పాయింట్ల అక్షరానికి 15 దక్కుతాయి. మనం ప్రూఫులు దిద్దేది ఇలాంటి మానిటర్ల మీదే!

మరి ఏ ఫాంటు?

పాయింట్ల సంఖ్య అక్షరం ఎత్తును చెప్పదు. అక్షరాన్ని గీసుకునే పెట్టె ఎత్తును చెప్తుంది. అందుకే ఒకే సైజు పెట్టినా రెండు ఫాంట్లు ఒకేలా కనబడవు. నమ్మకపోతే విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమినీ, విండోస్ 8తో వచ్చిన నిర్మల యూఐనీ పక్కపక్కన పెట్టి చూడండి.

ఇక మందం. రామభద్ర లాంటి లావు ఫాంటు శీర్షికకు అందం. అదే పేరాకు పెడితే అక్షరాల కడుపులో ఖాళీ పూడుకుపోతుంది. పోయిన సంచికలో మేం చేసిన పొరపాటు ఇదే. పోస్టర్ మీద బాగుందని ఒక లావు ఫాంటును లోపలి పేజీలకూ పెట్టేశాం.

చదవడానికి మండలి, సురవరం, నోటో సాన్స్ తెలుగు లాంటివి చూడండి. అన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో ఉచితంగా దొరుకుతాయి. అను లాంటి పాత డీటీపీ ఫాంట్లు మాత్రం వద్దు. అవి ఇంగ్లిషు సంకేతాల మీద తెలుగు బొమ్మలు తొడిగినవి. ఆ ఫాంటు లేని మెషీన్‌లో మన కథ పిచ్చి ఇంగ్లిషు అక్షరాలై కూర్చుంటుంది.

ఫాంటు కంటే ముఖ్యమైనవి

పీడీఎఫ్‌లో పేజీ కొలత బిగుసుకుపోయి ఉంటుంది. ఈపబ్‌లో అక్షరాన్ని ఎంత పెంచినా వాక్యాలు తెరకు తగ్గట్టు సర్దుకుంటాయి. అందుకే ఈ-రీడర్‌కు ఈపబ్ ఇవ్వాలి, ఫాంటును ఫైల్లోనే జతచేయాలి.

వరుసల మధ్య ఎడం 1.6 రెట్లు పెట్టండి. లేకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులను తగులుతాయి. పేరా రెండు అంచులూ సమం చేయకండి. మన మాటలు పొడుగు, చిన్న తెర మీద మాటల మధ్య గుంతలు పడతాయి.

చివరగా, ఫాంటు ఎంచుకునేముందు 'స్త్రీ', 'అర్థం', 'అర్ధం', 'కఠోరం' అని రాసి, చదివేవాళ్ల తెర మీదే చూడండి. మన తెర మీద కాదు.

నా కథను మండలి ఫాంటుతో ఈపబ్ చేసి మళ్లీ చేగుంటకు తీసుకుపోయాను. తాత అక్షరం సైజు రెండుసార్లు పెంచుకుని చివరిదాకా చదివాడు. తర్వాత రెండో పేజీకి వచ్చి వేలు పెట్టి చూపించాడు.

"ఆనాడు అర్థమే అన్నవు గదా. నువ్వు రాసింది అర్ధమేరా!"

నిజమే. నేనే తప్పు టైపు చేశాను. ఆ లావు ఫాంటులో మూడుసార్లు ప్రూఫు చూసినా నాకూ కనబడలేదు. కళ్లద్దాలు లేని నాకే!