మధురవాడలో మ్యాచ్ పడితే మన డ్యూటీ మాటేంటి?

విశాఖ క్రికెట్ స్టేడియం మధురవాడ దగ్గరి పోతినమల్లయ్యపాలెంలో, పదహారో నంబరు జాతీయ రహదారిని ఆనుకునే ఉంది. శ్రీకాకుళం, విజయనగరం బస్సులు దాని ముందునుంచే పోవాలి. 2025 అక్టోబరు 9న మహిళల ప్రపంచకప్‌లో భారత్–దక్షిణాఫ్రికా మ్యాచ్ పడింది. ఆ రోజు గురువారం, నిఖార్సయిన పనిరోజు. అలాంటి రోజుల్లో మనవాళ్లు అడిగే ప్రశ్నలివి.

మ్యాచ్‌ రోజు కంపెనీ సెలవివ్వాలా?
అక్కర్లేదు. జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, వాటితోపాటు కొన్ని పండగలు: తప్పనిసరి సెలవులంటే ఇవే. ఆట చూడాలనుంటే సీఎల్ పెట్టుకోవడమే.

బస్సు మళ్లించడంతో గంట లేటయ్యాను. రోజు జీతం కోసేశారు. చెల్లుతుందా?
చెల్లదు. పనిలో లేని సమయానికి ఎంతవుతుందో అంతే కొయ్యాలి. 1936 నాటి వేతన చెల్లింపు చట్టం చెప్పిందీ అదే, 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన వేతనాల కోడ్ చెప్పేదీ అదే. గంట లేటుకి గంట జీతమే పోవాలి. అలాగని ఆ గంట డబ్బు కూడా ఇమ్మని పట్టుబట్టలేరు. లేటు మీవల్లా, క్రికెట్‌వల్లా అని చట్టం చూడదు. పైడిభీమవరం ఫార్మా షిఫ్టులకి వెళ్లేవాళ్లు కంపెనీ బస్సులోనే చిక్కుకుపోతే మాత్రం కోత గురించి గట్టిగానే అడగాలి. ఆ బస్సు నడిపేది వాళ్లే కదా! బస్సు టిక్కెట్టు పారెయ్యకండి. దారి మళ్లింపు గురించి పోలీసులిచ్చే ప్రకటన ఫోటోని ముందురోజే సూపర్‌వైజర్‌కి వాట్సాప్‌లో పెట్టెయ్యండి. తర్వాత చెబితే సాకులాగే వినిపిస్తుంది.

పోలీసులు ఇష్టమొచ్చినట్టు దారి మళ్లించొచ్చా?
మళ్లించే అధికారం ఉంది. మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ ప్రకారం నెలలోపు ఆంక్షలకి గెజిట్ అక్కర్లేదు. కానీ స్థానికంగా వీలైనంత ప్రచారం చెయ్యాలి. మామూలుగా ఆనందపురం దగ్గర పెందుర్తి వైపో, అడవివరం వైపో తిప్పుతారు. లేదంటే మారికవలస దగ్గర ఎడమకి తిప్పి, తిమ్మాపురం మీదుగా బీచ్ రోడ్డుకి పంపుతారు. ఏ మ్యాచ్‌కి ఏ దారో ఆ ప్రకటనలోనే చూసుకోవాలి. కొమ్మాదిలోనో మధురవాడలోనో దిగాల్సినవాళ్లు ఎక్కేముందే కండక్టర్ని అడిగితే మేలు.

ఆడవాళ్ల ఉచిత ప్రయాణానికిచ్చే స్త్రీశక్తి జీరో టిక్కెట్టు ఆ రోజు పనికొస్తుందా?
పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో ఎప్పటిలాగే. నాన్‌స్టాప్‌లో ఎప్పుడూ లేదు.

ఆటో రానంటే?
సరైన కారణం లేకుండా రాననడం నేరమే. కాకపోతే మోటారు వాహనాల చట్టం 178వ సెక్షన్లో మూడు చక్రాల బండికి రాసిన జరిమానా యాభై రూపాయల లోపే. మ్యాచ్ వదిలిన రాత్రి ఒక్క సవారీలో అంతకన్నా ఎక్కువే లాగుతారు.

రాత్రి షిఫ్టులో ఉండమంటున్నారు. ఆడవాళ్లం కాదనొచ్చా?
అనొచ్చు. రాత్రి ఏడు తర్వాత పని చేయించాలంటే మీ సమ్మతి తప్పనిసరి. ఒప్పుకుంటే, ఇంటికి చేర్చే బండి ఏ దారిన వస్తుందో ముందే తేల్చుకోండి. డే–నైట్ మ్యాచ్ వదిలేసరికి పది దాటిపోతుంది.

ఈ గొడవంతా లేకుండా వెళ్లే దారి లేదా?
ఉంది, రైలు. ఆమదాలవలసలో ఎక్కినా, విజయనగరంలో ఎక్కినా కొత్తవలస మీదుగా పోతుంది. స్టేడియం ఛాయలకే వెళ్లదు. జనరల్ టిక్కెట్టు మాత్రం పొద్దున్నే కొని జేబులో పెట్టుకుంటే కుదరదు. తీసుకున్న మూడు గంటల్లోపు బండెక్కాలి.